అరువు తీర్పులు, సొంత తీర్పులు: కట్టమంచి ‘కవిత్వతత్త్వ విచారము’ను మళ్ళీ చదువుతూ

చెన్నై నుంచి అరక్కోణం వెళ్ళే రైలుమార్గంలో ఆవడి దాటగానే హిందూ కాలేజి అనే స్టేషను వస్తుంది, దాని తరువాతది పట్టాభిరామ్. కళాశాల పేరే స్టేషనుకు పేరైన చోట్లు మన దేశంలో ఎక్కువ లేవు. ఈ దారిలో తిరువళ్ళూరు, ఆపైన రేణిగుంట వైపు తిరిగితే తిరుత్తణి. ఈ ఊళ్ళలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, ఉద్యోగంలో ఆంగ్లం రాసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మూడు భాషలు తెలిసినవారికి ఆలోచన మూడింతలు కావాలి. అలా అవుతున్నదా? ఈ ప్రశ్నను పురస్కరించుకొని ఒక పాత విమర్శగ్రంథాన్ని మళ్ళీ పరిశీలించదలచాం.

ఆ గ్రంథం కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘కవిత్వతత్త్వ విచారము’. 1914లో వెలువడింది. గ్రంథకర్త చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో జన్మించారు. ఎనిమిదేళ్ళ తరువాత, 1888లో, తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మించారు. అప్పటికి ఈ రెండు ఊళ్ళూ ఉత్తరార్కాటు జిల్లాలోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఇద్దరూ మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. ఇద్దరూ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు: 1926లో రెడ్డిగారు, 1931లో రాధాకృష్ణన్, 1936లో తిరిగి రెడ్డిగారు. ఒకే నేల నుంచి వచ్చిన ఈ ఇద్దరికీ గల అసలు పోలిక పదవులలో లేదు. తమకు అప్పగించిన అభిప్రాయాన్ని అప్పగించినట్టే ఒప్పుకోకపోవడంలో ఉంది. క్రైస్తవ మిషనరీ అధ్యాపకులు హిందూ ధర్మంలో నీతికి చోటు లేదన్నప్పుడు విద్యార్థి రాధాకృష్ణన్ కోపగించుకొని ఊరుకోలేదు, గుడ్డిగా తల ఊపనూ లేదు. మూలగ్రంథాలు చదివి, వేదాంతంలోని నీతిని గురించి ఎం.ఏ. పట్టానికి వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. ఆ వ్యాసాన్ని ఆ అధ్యాపకులే మెచ్చుకున్నారు.

రెడ్డిగారు కావ్యవిమర్శలో చేసినదీ ఇటువంటి పనే. ఆనాటికి తెలుగులో విమర్శ అంటే చాలావరకు కవి కాలనిర్ణయం, వ్యాకరణ దోషాల ఎన్నిక, అలంకారాల పేర్లు చెప్పడం, లేదా పూర్వులు పొగిడిన పద్యాన్ని తిరిగి పొగడడం. పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయము’, ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’ అనే రెండు కావ్యాలను ముందు పెట్టుకొని రెడ్డిగారు వేరే ప్రశ్నలు అడిగారు. కవికి భావనాశక్తి ఉన్నదా? కథ ఒక కట్టుబాటుతో నడిచిందా? పాత్ర తన స్వభావాన్ని బట్టి మాట్లాడుతున్నదా, కవి చెప్పించినందువల్ల మాట్లాడుతున్నదా? వర్ణన కథకు అవసరమా, ఆచారం కొద్దీ వచ్చి చేరిందా? ఈ ప్రశ్నల వెనుక కేంబ్రిడ్జి చదువు ఉన్నది, నిజమే. అయితే తిక్కన నాటకీయతను గుండెకు పట్టించుకొన్న తెలుగువాడి అనుభవమూ ఉన్నది. ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు లెక్కకు నింపే పద్ధతిని ఆయన నిర్మొహమాటంగా తప్పుపట్టారు. నచ్చినా నచ్చకపోయినా, అది తాను చదివి, తాను తూచి, తన పేరు పెట్టి చెప్పిన మాట.

ఇంతవరకు చెప్పి ఆగితే మేమూ పూర్వుల పొగడ్తనే తిరిగి పొగిడినవారమవుతాం. రెడ్డిగారి కొలబద్దలు సహజత్వం, ఔచిత్యం, కథైక్యం. ఆ కొలబద్దలతో ‘కళాపూర్ణోదయము’ను ఎంతవరకు కొలవవచ్చు? ఇందులో బ్రహ్మ సరస్వతికి వినోదంగా ఒక కథ చెబుతాడు. ఆ కథలోని వారు తరువాత లోకంలో నిజంగా పుట్టి, ఆ కథ ప్రకారమే బ్రతుకుతారు. సుముఖాసత్తి పురుషుడై, ఆమె భర్త మణిస్తంభుడు స్త్రీ అయి, ఆ స్త్రీకి కళాపూర్ణుడు పుడతాడు. పసిబిడ్డ మధురలాలస తన పూర్వజన్మలో జరిగినదంతా నోరు విప్పి చెబుతుంది. ఇక్కడ సహజత్వం ఏదని అడిగితే సమాధానం లేదు. కాని అడగవలసింది ఆ ప్రశ్నేనా? ముందు మాట పుట్టి, మాట వెంట మనుషులు పుట్టడమనే ఊహకు ఎటువంటి అర్థముందో అడిగితే కావ్యం మరోలా తెరుచుకుంటుంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ కావ్యాన్ని ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు చదివిన తీరు ఇంచుమించు ఇటువంటిది. 16వ శతాబ్దపు సూరనలో వారు నవలాకారుని వంటి కథకుణ్ణి చూశారు.

ఈ కావ్యంలోనే మరొక ఘట్టం ఉన్నది. కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది, మణికంధరుడు నలకూబరుని రూపం ధరిస్తాడు. తాను నలకూబరునితో ఉన్నానని ఆమె, రంభతో ఉన్నానని అతడు అనుకొంటారు. ఇద్దరివీ అరువు రూపాలే. అంతలో అసలు రంభ ఎదురై నిలదీస్తుంది. కథానిర్మాణంలో ఇది ఎంత నేర్పుగా కుదిరిందో రెడ్డిగారి పద్ధతితో చూస్తే తెలుస్తుంది. అరువు రూపంలో పొందిన సుఖం ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం ఆ పద్ధతి చాలదు. అంటే కట్టమంచివారిని కాదనడం కాదు. ఆయన తన పూర్వులతో ఎలా వ్యవహరించారో మనం ఆయనతో అలా వ్యవహరించడం. ఆయనకు చూపగల నిజమైన గౌరవం అదేనని మా అభిప్రాయం.

విచారించవలసిన విషయమేమంటే, అచ్చయిన కొన్ని దశాబ్దాలకే ఈ గ్రంథం పరీక్షా సమాధానమై కూర్చున్నది. ‘కట్టమంచివారు ఇట్లు నుడివిరి’ అంటే మార్కులు పడతాయి. స్వతంత్రంగా తీర్పు చెప్పమన్న పుస్తకమే బట్టీ పట్టవలసిన తీర్పుగా మారింది. ఈ తప్పులో మా పాలూ ఉంది. చాలా ఏళ్ళు తరగతిలో మేము నోట్సు చెప్పాం, పిల్లలు రాసుకున్నారు, మా వాక్యాలే పరీక్షలో మాకు తిరిగి అప్పజెప్పారు. ఒక ఏడు ఒక అమ్మాయి మాత్రం సమాధానపత్రం చివర, ‘నాకు మణికంధరుని మీద జాలి వేసింది, ఎందుకో ఏ పుస్తకంలోనూ రాయలేదు’ అని రాసింది. ఆ వాక్యానికి మేము ఒక్క మార్కూ వెయ్యలేదు. ఆ తరగతి మొత్తంలో కావ్యం చదివిన గుర్తు ఆ వాక్యమొక్కటే అని తెలియడానికి మాకు చాలాకాలం పట్టింది.

రాధాకృష్ణన్ అధ్యక్షులుగా ఉన్న విశ్వవిద్యాలయ విద్యా సంఘం 1949లో ఇచ్చిన నివేదికలో, ఒకే ఒక్క సంస్కరణ సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలన్నది. తిరుత్తణి పేరు చెప్పగానే 1962 నుంచి జరుగుతున్న ఉపాధ్యాయ దినోత్సవం గుర్తుకు రావడం సహజం. ఆ రోజు వేసే దండలతో పాటు ఈ సూచన కూడా గుర్తుకు రావాలి.

ఈ ప్రాంతపు పాఠకులకు వేరే చిక్కు ఉన్నది. 2006లో తమిళనాడు చేసిన చట్టం వల్ల ఒకటవ తరగతి నుంచి క్రమంగా తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తెలుగు చదివే పిల్లలు తగ్గారు. ఆ నష్టం చిన్నది కాదు, దానికి సర్దిచెప్పుకోవడమూ మా ఉద్దేశం కాదు. కాని ఇకపై ఇక్కడ తెలుగు కావ్యం చేతపట్టేవారిలో పలువురు పరీక్ష కోసం పట్టరు. మార్కులు లేవు, గైడు లేదు, ఏమనుకోవాలో చెప్పేవారు లేరు. ఇది దిక్కులేనితనంగా మిగలవచ్చు, స్వేచ్ఛగానూ మారవచ్చు. పట్టాభిరామ్‌లో గాని, తిరువళ్ళూరులో గాని నలుగురు కూడి నెలకొక ఆశ్వాసం చదవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

అలా కూడేవారికి మా మనవి ఒక్కటే. ముందు కావ్యం చదవండి. అర్థం కానిచోట నిఘంటువు చూడండి, పీఠిక చూడకండి. నచ్చినదేదో, నచ్చనిదేదో, ఎందుకో నాలుగు వాక్యాలు రాసుకోండి. ఆ తరువాతే కట్టమంచివారిని తెరవండి. ఆయన మాట మీ మాటను ఓడిస్తే సంతోషంగా దిద్దుకోండి. ఓడించకపోతే మీ వాక్యాన్ని కొట్టివేయకండి. పెద్దల మాట వినడం, పెద్దల మాటను పరీక్షించడం పరస్పర విరుద్ధాలు కావు. రెడ్డిగారు తిక్కనను ఆరాధించారు, సూరనను తూచారు. మనం రెడ్డిగారిని తూచుదాం. రేపు మా మాటనూ ఎవరైనా ఇలాగే తూచితే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్టే.