నందిసీమ శిలాసంపద: ప్రపంచ గుర్తింపునకు ఆధారమేది?

చిక్కబళ్లాపురము నుండి ఉత్తరముగా బాగేపల్లికిని, తూర్పుగా చింతామణికిని సాగు దారులలో కొండ కనబడని చోటు అరుదు. నందిదుర్గము, స్కందగిరి, గుడిబండ, గుమ్మనాయకనపాళ్యము, అంబాజీదుర్గము, కైవారపు కొండలు ఈ సీమకు ఒక విలక్షణమైన రూపము నొసగినవి. ఇట్టి శిలాభూమికి అంతర్జాతీయ గుర్తింపు లభింపవలెనను కోరిక సహజమే. అయితే ఆ కోరికకు ఆధారముగా చూపదగిన హేతువేదియో మొదట విమర్శించి తెలిసికొనవలసియున్నది.

సాధారణముగా ముందు చెప్పబడు హేతువు ప్రాచీనత. ఈ వాదము సగమే సత్యము. ఇచ్చటి గ్రానైటులో అధికభాగము సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున చల్లబడి గట్టిపడినది. కాని ఆ వయస్సు రాతిది, కొండది కాదు. పైనున్న నేల కోట్ల యేండ్లపాటు కొట్టుకొనిపోగా లోపలి శిల బయటపడినది. నెఱ్ఱెల వెంట నీరు దిగి రాతి అంచులను కొరికివేయగా గుండ్లు ఏర్పడినవి. ఉల్లిపొరలవలె పైపెచ్చులు ఊడిపోగా నున్నని బోడిబండలు మిగిలినవి. ఈ రూపములు శిలకంటె ఎంతో చిన్న వయస్సువి. పైగా ఇంచుమించు అదే వయస్సుగల గ్రానైటు అనంతపురము మీదుగా హైదరాబాదు వఱకు వ్యాపించియున్నది. బెంగళూరు లాల్‌బాగులోని బండ సుమారు 300 కోట్ల యేండ్లది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని 1975లోనే జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించెను. కావున వయస్సొక్కటే చూపు వాదము ఆ బండ ముందే వీగిపోవును.

ఈ సీమ ప్రత్యేకత నీటితో రాతికిగల సంబంధమున నున్నది. 1,478 మీటర్ల ఎత్తుగల నందిదుర్గము చుట్టుపట్ల పుట్టిన నదులు వేర్వేరు దిక్కులకు పోవును. పెన్న నెల్లూరు సీమను తడిపి సముద్రమును చేరును. చిత్రావతి బాగేపల్లి మీదుగా రాయలసీమకు దిగి, పాపాఘ్నివలెనే, పెన్నలో కలియును. దక్షిణపినాకిని కడలూరు చెంత కడలి చేరును. అర్కావతి కావేరిని చేరును. ఇన్ని నదులకు పుట్టినిల్లయిన ఈ నేలలో ఏడాది పొడుగునా పారు నది యొక్కటియు లేదు. గ్రానైటు బీటలలో తప్ప నీటిని నిలుపదు. అందుచేతనే పూర్వులు కొండల పాదములందు చెరువులు కట్టిరి. ఆ చెరువులు ఉపేక్షింపబడి, బోరుబావులు వెయ్యి అడుగులు దాటిన పిదప, రాతిలోని ఫ్లోరైడు త్రాగునీటి బాధగా మారెను. పల్లెజనుల దంతములకు, ఎముకలకు అది చేసిన హాని తెలిసినదే. రాయి, నీరు, మనిషి ముడివడిన ఈ వృత్తాంతము వయస్సుకంటె బలమైన ఆధారము.

యునెస్కో 2015లో ఆమోదించిన గ్లోబల్ జియోపార్కు పద్ధతి కోరునదియు ఇదియే. అంతర్జాతీయ ప్రాముఖ్యముగల భూవిశేషముతోపాటు అచ్చటి ప్రజల సంస్కృతి, విద్య, జీవనోపాధి ఒకే ప్రణాళికలో చేరవలెను. వియత్నాములోని డోంగ్ వాన్ పీఠభూమి విషయమున సున్నపురాతి కొండలతోపాటు వాని నడుమ నివసించు పలుజాతుల సంస్కృతియు విశేషముగా చెప్పబడుచున్నది. నందిసీమకును అట్టి సంపద కలదు. బాగేపల్లి, చింతామణి పల్లెలలో అనేకులకు తెలుగు ఇంటిభాష. బండ వేరు, గుండు వేరు, గుట్ట వేరు. రాతిపల్లములో నీరు నిలిచిన దొన వేరు, మనిషి తలదాచుకొను గవి వేరు. ఈ మాటలు రాతిరూపములను తరతరములుగా పరిశీలించినవారు చేసిన వర్గీకరణము. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము కైవారమే యని స్థలపురాణము. తెలుగు కన్నడములలో కీర్తనలు రచించిన కైవార తాతయ్య నోట గురువు గులకరాయి నుంచి, అది కలకండ యగు వఱకు జపము చేయుమనెనని ఐతిహ్యము. ఇట్టి కథలను విజ్ఞానమని చెప్పరాదు, అట్లని త్రోసివేయనురాదు. రాతితో జనులకుగల చుట్టరికమునకు అవి సాక్ష్యములు.

ఇక మిగిలినది రక్షణ. జియోపార్కు బిరుదు తనంతట ఏ కొండను కాపాడదు. దరఖాస్తునకు ముందే ముఖ్యస్థలములకు దేశచట్టముల రక్షణ కలిగియుండవలెను. నాలుగేండ్ల కొకసారి పునఃపరిశీలన జరుగును. ఈ జిల్లాలో రాతిక్వారీల సమస్య పాతది. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి వద్ద ప్రేలుడు పదార్థములు ప్రేలి ఆరుగురు మరణించిరి. రాయి కొట్టి బ్రతుకు కూలీలకు మరియొక దారి చూపని ప్రణాళిక న్యాయమైనది కాదు. ఏ కొండను కొట్టరాదో నిర్ణయింపని ప్రణాళిక నిలువనేరదు.

2025 ఏప్రిల్ నాటికి 50 దేశములలో 229 జియోపార్కు లుండగా, ఆ పట్టికలో భారతదేశపు పేరు లేదు. అదే సంవత్సరము తిరుమల కొండలు, విశాఖ సమీపపు ఎఱ్ఱమట్టి దిబ్బలు ప్రపంచవారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరినవి. నందిసీమ ఆ బాటలో నడువవలెనన్న, ప్రాచీనతను గూర్చిన అతిశయోక్తులు మాని, చెరువును, దొనను, గుండును వాని పేళ్లతోసహా గ్రామగ్రామమున లెక్కించి వ్రాయుట ప్రథమకర్తవ్యము. కొండ క్వారీపాలైన పిదప దాని పేరు మాత్రము మిగిలినను గుర్తింప వచ్చువారికి చూపుటకు ఏమియు నుండదు.