"దూత" యందలి నేరము, ఫలము, దండము

విక్రమ్ కె. కుమార్ దర్శకత్వమున నిర్మింపఁబడి, 2023వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన అమెజాన్ ప్రైమ్ వీడియో యందు వెలువడిన "దూత" ఎనిమిది భాగముల తెలుఁగు ధారావాహిక. దానిని భయానకరసమునకై చూచినవారు పెక్కుమంది. కాని యందలి ముఖ్యప్రశ్న భయమును గూర్చినది కాదు. నియమము నతిక్రమించినవానికి దండము విధించు నధికార మెవ్వరిది, ఆ దండమును భరింపవలసినవాఁ డెవ్వఁడు అనునదియే విచారణీయము.

కథానాయకుఁడగు సాగర్ పత్రికా సంపాదకుఁడు. ఈ పాత్రను నాగచైతన్య ధరించెను. సత్యమును ప్రకటించుట వృత్తిధర్మమై యుండియు స్వలాభమునకై దానిని విక్రయించినవాఁ డీతఁడు. ఇతనికి పత్రికల తునుకలు దొరకుచుండును. ఇంకను జరుగని యాపదలు వానియందు ముందే ముద్రితములై యుండును. పిదప నట్లే జరుగును. ఈ కల్పన మిక్కిలి యుచితము. జరుగనిదానిని జరిగినట్లు వ్రాసినవాని చేతికే జరుగఁబోవునది వ్రాఁతయై వచ్చుచున్నది. నాఁడు అచ్చుపడిన యబద్ధము నిజమని చెల్లెను. నేఁడు అచ్చుపడినదెల్ల నిజమై తీరుచున్నది. నేరమునకును దండమునకును ఇట్టి సారూప్యమును కుదుర్చుట సామాన్యమైన నేర్పు కాదు.

చిక్కు తరువాత వచ్చును. పూర్వము "దూత" యను పత్రికను నడపిన సత్యమూర్తి కథ తెలిసిన పిమ్మట ఉత్పాతముల మూలము బయల్పడును. ధర్మము తప్పిన విలేఖరులను ఒక యదృశ్యశక్తి వెంటాడుచున్నది. ఆ యాపదలు తప్పుచేసినవానితో నాగక, వాని యింటివారి మీఁదికిని ప్రాఁకును. ఇది ధర్మమా?

వ్యాకరణమున స్వతంత్రుఁడై క్రియను నడపువాఁడు కర్త. క్రియాఫలము కర్తకే చెందవలెనను నియమము లేదు. వంటవాఁడు పరులకై వండునపుడు "పచతి" యనియు, తనకై వండుకొనునపుడు "పచతే" యనియు సంస్కృతమున రూపభేదము కలదు. తెలుఁగున "వండు", "వండుకొను" అను భేద మట్టిదే. ఫలము పరగామి కావచ్చును. కర్తృత్వము మాత్రము కాఁజాలదు. అన్నము తిన్నంతమాత్రమున అతిథి వంటవాఁడు కాఁడు.

మంచిర్యాల జిల్లాలోని కాసిపేట మొదలగు సింగరేణి గనుల ప్రాంతమువారికి ఈ భేదము చెప్పవలసినది కాదు. భూగర్భగనిలోనికి బీడీని, అగ్గిపెట్టెను కొనిపోరాదు. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలిలో ఇంచుమించు 5 మొదలు 15 శాతము వఱకు కలిసియున్నచో నిప్పురవ్వ సోఁకినంతనే ప్రేలును. ఒకఁడు రహస్యముగా వెలిగించిన నిప్పునకు నిరపరాధులైన తోడివారు బలియగుదురు. ఫలము పరగామి యగుట యన నిదియే. కావుననే 1952 నాటి గనుల చట్టము, 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలు మొదలగు శాసనములు ముందుగా తెలుపఁబడినవి. బాయి దిగుటకు ముందే సోదా జరుగును. తప్పు బయటపడినచో శిక్ష అతిక్రమించినవానికే కాని వాని బిడ్డకు కాదు. ఫలము వేఱు, దండము వేఱు.

విశ్వాసము సంగతియు నిట్టిదే. మైసమ్మకు మ్రొక్కి బాయి దిగువారు పైకప్పును పరీక్షించుట మానరు. వారి భక్తి నియమమునకు తోడగునే కాని దానికి బదులు కాదు. సాగర్ విశ్వాస మట్టిది కాదు. అది వెఱపునుండి పుట్టినది. కాఁగితపు తునుకను నమ్మినంత త్వరగా తాను తప్పిన వృత్తిధర్మమును నమ్మఁడు. ఈ లోపము పాత్రది. దానిని దాఁచక చూపుట కర్త గుణము.

భయానకకథలో ధర్మశాస్త్రమును వెదకరాదని కొంద రాక్షేపింతురు. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" నవలయందును క్షుద్రశక్తి ఒక పసిబిడ్డ పైకే ప్రయోగింపఁబడినది. కాని యచ్చట ప్రయోగించువారి లోభము స్పష్టము. అది యధర్మమని పాఠకుఁ డెఱుఁగును. "దూత"లోని శక్తియో, ధర్మదేవత వేషమున వచ్చును. ఆ వేషమును విప్పి చూపుట కావశ్యకమైన పాత్ర ఇందే యున్నది. పోలీసు అధికారిణి క్రాంతి సాక్ష్యమును వెదకుచు నడచును. పార్వతి తిరువోతు ధరించిన యీ పాత్ర త్రోవ మెల్లనిది. కాని యందు దోషి యెవ్వఁడో నిర్ణయించిన పిదపనే దండము. ఈ రెండు త్రోవలకును గల విరోధమును కథ యింకను లోతుగా త్రవ్వవలసియుండెను.

అబద్ధమును అచ్చువేసిన కలము నిరపరాధుల యిండ్లను కూల్చునని చెప్పుట సత్యము. ఆ కీడును అబద్ధముయొక్క ఫలముగానే చూపియున్నచో "దూత" పత్రికావృత్తికి గొప్ప హెచ్చరిక యయ్యెడిది. దానినే న్యాయనిర్ణయముగా చూపుటచే, నేరస్థుని శిక్షింపవచ్చిన శక్తియే నేరస్థురాలైనది. ఈ దోషము కతన కథాకల్పనయందలి యౌచిత్యము చెడదు. కథ సాధింపఁదలఁచిన ధర్మనిర్ణయము మాత్రము చెడినది.