లోయాంగ్ రాతి మీద ఎవరి పేర్లు?

చైనాలోని లోయాంగ్ నగరానికి వెళ్లేవారికి గైడు పుస్తకాలు ఇచ్చే జాబితా దాదాపు ఒకటే. లోంగ్‌మెన్ గుహలు, తెల్లగుర్రం ఆలయం, ఊరికి దూరంగా షావోలిన్ మఠం, ఏప్రిల్‌లో అయితే పియోనీ పూల తోటలు. జాబితాలో తప్పు లేదు. చూడవలసినవి అవే. లోపమంతా చూపించే తీరులో ఉంది. విగ్రహం ఎత్తెంత, ఏ చక్రవర్తి చేయించాడు అన్న రెండు ప్రశ్నలకే అక్కడ జవాబు దొరుకుతుంది. బౌద్ధులుగా మనం అడగవలసింది మూడో ప్రశ్న. ఆ రాయి తొలిచినవారెవరు, డబ్బిచ్చినవారెవరు, అది ఎవరికి మేలు చేసింది? దీనికి జవాబు వెతుక్కోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. చాలావరకు అక్కడి రాతి మీదే ఉంది.

లోంగ్‌మెన్ అంటే యీ నదికి రెండు వైపులా ఉన్న సున్నపురాయి కొండలు. వాటిలో 2,300కు పైగా గుహలూ గూళ్లూ, లక్షకు పైగా విగ్రహాలు, సుమారు 2,800 శాసనాలు ఉన్నాయి. ఉత్తర వెయ్ వంశం రాజధానిని 494లో లోయాంగ్‌కు మార్చిన రోజుల్లో మొదలైన పని థాంగ్ వంశం కాలం దాకా సాగింది. యునెస్కో 2000లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అందరూ ఫొటో తీసుకునేది 17 మీటర్ల వైరోచన బుద్ధుడి ముందు. ఆ ముఖం సామ్రాజ్ఞి వూ జెథియన్‌దేనన్న కథ బాగా ప్రచారంలో ఉంది. చెప్పుకున్న మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, పత్రం చూపమంటుంది. ఇక్కడ పత్రం విగ్రహ పీఠం మీదే ఉంది. 672లో ఆమె తన అలంకరణ ఖర్చుల సొమ్ము నుంచి ఇరవై వేల నాణేల దండలు ఇచ్చిందని అందులో ఉంది. ముఖం ఆమెదని మాత్రం లేదు. పైగా, గైడు కథలో లేని సంగతి ఒకటి ఉంది. పని చూసిన భిక్ఖువుల పేర్లతో పాటు లీ జున్‌జాన్, ఛెంగ్ రెన్‌వెయ్, యావ్ షీజీ అనే పనివాళ్ల పేర్లు కూడా అక్కడ చెక్కారు. రాణి ముఖం గురించిన ఊహ అందరికీ కంఠతా వచ్చింది. రాతి మీద ఉన్న ఆ మూడు పేర్లు మాత్రం ఎవరి నోటా రావు. పర్యాటక చరిత్ర ఎవరి పక్షాన నిలబడుతుందో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అందరూ వీరి పాటి అదృష్టవంతులు కాదు. బిన్‌యాంగ్ గుహల విషయం చూడండి. వెయ్ వంశ చరిత్ర గ్రంథం 'వెయ్ షూ' ప్రకారం 500 నుంచి 523 దాకా అక్కడి మూడు గుహల పనికి 8,02,366 పనిదినాలు పట్టాయి. మస్టరు రోలు రాసినట్టు చివరి ఆరుతో సహా లెక్క కట్టారు. ఆ లెక్క పక్కన ఒక్క కూలీ పేరూ లేదు. నడి గుహ గోడ మీది చక్రవర్తి, సామ్రాజ్ఞి ఊరేగింపు పలకలను 1930లలో ముక్కలుగా పెకలించి అమ్మేశారు. ఇప్పుడు చక్రవర్తి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, సామ్రాజ్ఞి కాన్సాస్ సిటీలోని నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉన్నారు. అమరావతి పలకలు లండన్‌కు చేరిన కథ తెలిసిన మనకు ఈ బాధ కొత్త కాదు. దొంగసొత్తు కొన్నవాడికి హక్కు పుట్టదన్న న్యాయసూత్రం ఇద్దరికీ వర్తించాలి. అయితే పోయిన రాజుల కోసం కన్నీరు పెట్టేవారు, మొదటి నుంచీ పేరే లేని ఆ కూలీలను కూడా తలుచుకోవాలి.

గుయాంగ్ గుహది మరో పాఠం. 'లోంగ్‌మెన్ ఇరవై' అని పేరుపడ్డ శాసనాల్లో పందొమ్మిది ఇక్కడే ఉన్నాయి. వాటి అక్షరాల సొగసును చైనాలో లిపికళ నేర్చుకునేవారు సాధన చేస్తారు. అక్షరం అందంగా ఉందని మెచ్చుకుని, అది చెప్పే మాట వినకపోతే ఎలా? 495 నాటి ఒక శాసనంలో ఒక తల్లి, చనిపోయిన కొడుకు కోసం మైత్రేయ విగ్రహం చేయించింది. ఇరవయ్యో శాసనం ఒక భిక్ఖుణి చేయించిన చిన్న గుహలోది. కలిసి చందాలు వేసుకున్న ఉపాసక సంఘాల పేర్లూ లోంగ్‌మెన్‌లో కనిపిస్తాయి. ఒక్కరి వల్ల కానిది పదిమంది కలిసి చేశారు. మన వాడల్లో బుద్ధవిహారాలు లేచిన పద్ధతీ ఇదే కదా!

యావోఫాంగ్ గుహ ఫొటోకు గొప్పగా కనిపించదు. అక్కడ ద్వారం దగ్గరి గోడల మీద వందకు పైగా మందుల యోగాలు చెక్కి ఉన్నాయి. చలిజ్వరానికి ఏం చేయాలి, వాంతులకు ఏమివ్వాలి, పుండ్లకు ఏం పూయాలి అన్నవి. వైద్యుడి దగ్గర గుట్టుగా ఉండే విద్యను దారిన పోయేవాడి కోసం రాతి మీద పెట్టారు. చదువు రానివాడికి అది నేరుగా అందకపోవచ్చు. చదివి చెప్పేవాడు ఒక్కడుంటే ఊరికంతటికీ అందుతుంది. కరుణ అంటే ఏమిటో చెప్పమంటే నేను 17 మీటర్ల విగ్రహం కన్నా ముందు ఈ గోడనే చూపిస్తాను.

ఇక తెల్లగుర్రం ఆలయం. క్రీ.శ. 68లో ఇద్దరు భారతీయ భిక్ఖువుల కోసం కట్టారని సంప్రదాయం. అదే ప్రాంగణంలో సాంచీ స్తూపం నమూనాలో కట్టిన భారతీయ ఆలయాన్ని 2010లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. 'ధమ్మం మనమే ఇచ్చాం' అని మనవారు ఛాతీ విరుచుకునే చోటు ఇది. కానీ అది సగం నిజమే. హుయాన్‌త్సాంగ్ పుట్టింది లోయాంగ్ పక్కనే. ఏడో శతాబ్దంలో ఆయన మన ధాన్యకటకం దాకా వచ్చి, కొన్ని నెలలుండి అభిధమ్మం చదువుకున్నాడు. విహారాలు చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే నిలిచి ఉన్నాయని రాసిపెట్టాడు. ఇచ్చిన దేశంలో ధమ్మం ఎండిపోతున్న సంగతిని, పుచ్చుకున్న దేశం వాడు వచ్చి నమోదు చేయవలసి వచ్చింది. గర్వపడే ముందు ఈ మాట గుర్తుండాలి.

లోయాంగ్ గైడును తప్పుపట్టే ముందు మన అమరావతి సంగతీ చూసుకోవాలి. అక్కడికి వచ్చినవారికి మనం మొదట చెప్పేది ధ్యానబుద్ధుడు 125 అడుగులని. అదే అమరావతిలో చమ్మకారుడు, అంటే తోలుపని చేసే విధికుడు ఇచ్చిన పూర్ణఘటం పలక ఉండేది. తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని చెప్పుకుని, తల్లిని, భార్యను, అన్నదమ్ములను, బిడ్డలను కలుపుకుని శాసనం వేయించాడు. తోలుపని చేసేవాడు దాత, అతని తండ్రి గురువు. తర్వాత ఏ వ్యవస్థ ఆ తోలుపనివాడిని ఊరి బయటికి నెట్టిందో మనకు తెలుసు. ఆ ఒక్క శాసనం మన పిల్లలకు ఇచ్చే ధైర్యం ఎన్ని అడుగుల విగ్రహం ఇవ్వగలదు?

కాబట్టి లోయాంగ్ వెళ్లే మన యాత్రికులు జాబితా మార్చుకోనక్కర్లేదు. వైరోచనుడికి వందనం చేశాక పీఠం మీది శాసనాన్ని చదివించుకోండి. యావోఫాంగ్ గోడ ముందు కాసేపు నిలబడండి. తిరిగొచ్చాక అమరావతికి మీ పిల్లలను తీసుకెళ్లి, విధికుడి పేరు ముందు చెప్పండి. ఎత్తు సంగతి వాళ్లే చూసుకుంటారు.