తెర మీదికి రాని ఇండియానా జోన్స్

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే చోట నాకు దొరికిన మొదటి ఇండియానా జోన్స్ నవలకి వెనక అట్ట లేదు. ముందు అట్ట మీద మాత్రం టోపీ, కొరడా, హారిసన్ ఫోర్డ్ ముఖం అలాగే మెరుస్తున్నాయి. డ్రూ స్ట్రూజన్ గీసిన బొమ్మ అది. చూసిన సినిమానే మళ్లీ చెప్పే వెండితెర నవల అనుకుని కొన్నాను. ఇంటికెళ్లి నాలుగు పేజీలు తిరగేసేసరికి తెలిసింది, ఇది ఏ సినిమాలోనూ లేని కథ అని.

వెండితెర నవల మనకి కొత్త కాదు. ముళ్లపూడి వెంకటరమణ అంతటివారు రాశారు. కానీ అక్కడ కథ ముందే ఉంటుంది, రచయిత దాన్ని మాటల్లోకి దించుతాడు. నేను చెబుతున్నది అంతకన్నా కష్టమైన విద్య. హీరో మాత్రమే అరువు, కథంతా సొంతం. అమెరికాలో బాంటమ్ వాళ్లు 1991 నుంచి 1999 దాకా ఇలాంటివి పన్నెండు వేశారు. రాసింది ముగ్గురు: మొదటి ఆరు రాబ్ మెక్‌గ్రెగర్, తర్వాతి రెండు మార్టిన్ కైడిన్, చివరి నాలుగు మాక్స్ మెకాయ్.

ఇందులో చిక్కు ఏమిటో చూడండి. హీరో చావడని పాఠకుడికి ముందే తెలుసు. అప్పటికి వచ్చిన సినిమాల్లో కథా కాలం 1935, 1936, 1938. నవలలన్నీ అంతకు ముందరి సంవత్సరాల్లో నడుస్తాయి. కాబట్టి ఏ కొండ మీంచి పడ్డా, ఏ పాముల గోతిలో జారినా ఇండియానా జోన్స్, అదే మన ఇండీ, బతికి బయటపడాల్సిందే. మరి ఉత్కంఠ ఎక్కణ్ణుంచి తేవాలి? దీనికి మెక్‌గ్రెగర్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇండీకి పెళ్లి చేశాడు! సినిమాల్లో మాటమాత్రంగానైనా లేని డీర్‌డ్రె అనే స్కాట్లాండ్ అమ్మాయిని రెండో పుస్తకంలో తెచ్చాడు. మూడో పుస్తకంలో మనసు రాయి చేసుకుని ఆమెని చంపేశాడు. ఆ మూడోది అమెజాన్ అడవుల కథ. 1925లో నిజంగానే బ్రెజిల్‌లో జాడ లేకుండా పోయిన పెర్సీ ఫాసెట్ అనే అన్వేషకుడి చుట్టూ అల్లాడు. అది చదివాక సినిమాలో ఇండీ ఆడవాళ్లతో ఎందుకంత దూరంగా, గడుసుగా ఉంటాడో మనకే అర్థమవుతుంది. సినిమాని ఒక్క అక్షరం ముట్టుకోకుండా దానికి లోతు తవ్వడమంటే ఇదీ!

రెండో కిటుకు చదువు. తెర మీద ఇండీ ప్రొఫెసరని చెప్పడానికి ఒక నల్లబల్ల, ఒక కళ్లజోడు చాలు. నవలలో అలా కుదరదు, వాడి బుర్ర తిరగడం మనం చూడాలి. మొదటి నవలలో ఇండీ పారిస్‌లో భాషాశాస్త్రం చదివే కుర్రవాడు. డోరియన్ అనే ప్రొఫెసరమ్మ వెంట గ్రీసులోని డెల్ఫీకి వెళ్తాడు. పాత రాళ్ల మీద ప్రేమ వాడిలో అక్కడే మొలకెత్తుతుంది. కొరడా ఝళిపించే చప్పుడు కాగితం మీద వినపడదు. శిథిలాల మధ్య నిలబడి ఒక పాత మాట అర్థం కోసం వాడు పడే తపన మాత్రం కాగితం మీదే కనపడుతుంది.

మెకాయ్‌ది వేరే దారి. కాన్సాస్‌లో విలేఖరిగా పనిచేసినవాడు, వాక్యం బిగువుగా ఉంటుంది. ఎవరూ చదవలేకపోయిన వాయినిచ్ రాతప్రతిని పట్టుకుని రసవాదుల రాయి కథ అల్లాడు. స్ఫటిక కపాలం ఒకదాన్ని తన నాలుగు పుస్తకాల్లోనూ దారంలా లాక్కొచ్చాడు. కపాలం పేరు పెట్టుకున్న సినిమా వచ్చింది 2008లో! చాలామంది మెకాయే గొప్పంటారు. వేగంలో ఒప్పుకుంటాను, గుండె తడిలో ఒప్పుకోను. నాది మెక్‌గ్రెగర్ పక్షం.

కైడిన్ గురించి రెండే మాటలు. స్వయంగా విమానాలు నడిపినవాడు, పాత యుంకర్స్ విమానాన్ని కొని బాగుచేసుకున్నవాడు, ‘సైబోర్గ్’ రాసినవాడు. గాల్లో దోపిడీ కథ ఆయన రాస్తే ఇంజిన్ వాసన ముక్కుకి తగులుతుంది. కానీ యంత్రాల మీద ప్రేమ హీరోని మింగేసింది. అక్కడ ఇండీ ప్రయాణికుడే.

1999తో ఆ వరస ఆగింది. 2009లో స్టీవ్ పెర్రీ ఒకటి రాశాడు. జర్మన్‌లో వోల్ఫ్‌గాంగ్ హోల్‌బైన్ ఎనిమిది నవలలు రాస్తే అవి ఇంగ్లీషులోకైనా రాలేదు. ఇంతటి పనితనాన్ని ‘సినిమా పుస్తకాలు’ అని తీసిపారేసిన పండితుల మీద నాకు కోపం. అంతకన్నా ఎక్కువ కోపం నకిలీల మీద. అట్ట మీద టోపీ పెట్టుకున్న మనిషి, వెనక పాడుబడ్డ గుడి, లోపల ప్రతి పేజీలో తుపాకీ. పాతికేళ్లుగా అలాంటివి ఎన్ని కొని మోసపోయానో! వాటిలో హీరోకి చదువుండదు, భయముండదు, పోగొట్టుకున్న మనిషంటూ ఉండదు. స్క్రీన్‌ప్లేకి ‘అన్నాడు’, ‘అరిచాడు’ అతికించి నవల అంటే ఎలా ఒప్పుకుంటాం?

మన సంగతి ఇంకా బాధ. హీరోని మనంత నెత్తిన పెట్టుకునేవాళ్లు ఎవరున్నారు? బాహుబలికి ముందు కథగా 2017లో ఆనంద్ నీలకంఠన్ శివగామి నవల రాశారు. బాగా రాశారు, కానీ ఇంగ్లీషులో రాశారు. తెలుగు సినిమాలో పుట్టిన మాహిష్మతి కథ మొదట తెలుగులో నవల కాలేకపోయింది. సాహస నవల రాయడం మనకి చేతకాక కాదు. షాడోని సృష్టించిన మధుబాబు మన మధ్య పుట్టినవాడే. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలల కోసం క్యూ కట్టింది మనమే.

అందుకే తెలుగు రచయితలకి, ప్రచురణకర్తలకి నాదొక మనవి. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. ఆరుద్ర కథ, కృష్ణ కౌబాయ్, నిధి వేట. ఆ గుర్రం దిగాక ఆ మనిషి ఎక్కడికి పోయాడో, అంతకుముందు ఎవరిని పోగొట్టుకున్నాడో ఇంతవరకు ఎవరూ రాయలేదు. హక్కులున్నవాళ్లని అడిగి, అనుమతి తీసుకుని, ఎవరైనా రాయండి. మొదటి కాపీ నేను కొంటాను.