లక్క చల్లారేలోగా

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల వెనక సందు. అందులో ఒక చిన్న గది. కుంపటిలో బొగ్గులు, ఆ సెగకు మెత్తబడిన లక్క. కుర్ర కారీగర్ ఒకడు లక్కను పొడుగ్గా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఉండగానే ఒక్కో రాయీ అద్దుతున్నాడు. రాయిని వేలి కొసన పట్టుకుని, మెరుపు పైకి వచ్చేదాకా చిన్నగా తిప్పుతాడు. తర్వాత ఒక్క నొక్కు. లక్క చల్లారితే రాయి పట్టదు, మళ్లీ సెగ చూపించాలి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల పనితనం ఇదే.

కాస్త విరామం దొరకగానే ఫోన్ తీశాడు. తెర మీద పైనుంచి ముక్కలు జారుతున్నాయి. నేను ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఏక్ మినిట్ సాబ్, లంబా వచ్చేదాకా” అన్నాడు. లంబా అంటే నాలుగు గళ్ల పొడుగు ముక్క. చిన్నప్పుడు చేతిలో ఇమిడే బ్రిక్ గేమ్ ఆడినవాళ్లందరికీ ఆ ఎదురుచూపు తెలుసు. ఆ ఆట అసలు పేరు టెట్రిస్.

1984లో మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారుచేశారు. ఆయన వాడిన ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడం రాదు. అందుకని బ్రాకెట్ గుర్తులతోనే గళ్లు అల్లారు. పెంటామినో అనే పజిల్ ఆయనకు స్ఫూర్తి. అందులో ఐదేసి గళ్ల ముక్కలు, పన్నెండు ఆకారాలు. పజిత్నోవ్ ఒక్క గడి తగ్గించారు. నాలుగేసి గళ్లతో ఏడే ఆకారాలు మిగిలాయి. జారే ముక్కల్లో ఏడింటిని కన్ను ఇట్టే గుర్తుపట్టగలదు.

ఆ ఏడింటి పొందిక చూడాలంటే వాటిని చదరంగం బల్ల మీద పెట్టినట్టు ఊహించుకోండి. ఆరు ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నల్లగళ్లు, రెండు తెల్లగళ్లు కప్పుతాయి. ‘టీ’ ఆకారపు ముక్క ఒక్కటే ఒక రంగువి మూడు, రెండో రంగుది ఒకటి కప్పుతుంది. దీర్ఘచతురస్రంలో 28 గళ్లు ఉంటే రెండు రంగులూ సమానంగా ఉంటాయి కాబట్టి, ఏడు ముక్కలనూ ఒక్కోసారి వాడి దాన్ని నింపడం ఎవరి తరమూ కాదు. ఎక్కడో ఒక గడి పొడుచుకొస్తుంది. ఆ గడిని సర్దడమే మన తర్వాతి ఆలోచన. ఈ ఆటలో మనసుకు పని తీరకపోవడానికి ఒక కారణం ఇక్కడుంది.

ఇంకో పనితనం, వరుస నిండితే మాయమవడం. తెర చప్పున నిండిపోతోందని పజిత్నోవ్ చేసిన ఏర్పాటు అది. దాంతో సరిగా చేసినది కళ్లముందు నిలవదు, తప్పే నిలుస్తుంది. కానీ దాన్ని దిద్దుకునే వీలు తర్వాతి ముక్కతో వస్తుంది.

1994లో డేవిడ్ కిర్ష్, పాల్ మాగ్లియో అనే పరిశోధకులు ఈ ఆట ఆడేవాళ్ల వేళ్లను గమనించి ఒక సంగతి బయటపెట్టారు. ముక్కను ఎటు తిప్పాలో మనసులో తేల్చుకున్నాకే మీట నొక్కుతారని మనం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు ముందు తిప్పేసి, చూసి, అప్పుడు తేల్చుకుంటారు. మనసులో తిప్పడం కంటే తెర మీద తిప్పడమే త్వరగా అవుతుంది. అంటే చెయ్యి కూడా ఆలోచనలో భాగమే. రాయిని వేలి కొసన తిప్పే కుర్రాడు చేస్తున్నదీ అదే. అక్కడ ముక్క జారిపోతోంది, ఇక్కడ లక్క చల్లారిపోతోంది.

చెయ్యి తిరిగేకొద్దీ మెదడుకు శ్రమ తగ్గుతుందని 1992లో రిచర్డ్ హయర్ బృందం చూపింది. టెట్రిస్‌లో కొన్ని వారాలు సాధన చేసినవాళ్ల ఆట మెరుగుపడింది, ఆడేటప్పుడు వాళ్ల మెదడు ఖర్చుపెట్టే గ్లూకోజ్ మాత్రం తగ్గింది. అనుభవం ఉన్న కారీగర్ మాట్లాడుతూనే రాళ్లు అద్దడం చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

నన్ను కదిలించిన ఫలితం ఇంకొకటి ఉంది. ఎమిలీ హోమ్స్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆసుపత్రి అత్యవసర విభాగంలో, రోడ్డు ప్రమాదంలో చిక్కి ఆరు గంటలలోపు ఉన్నవారితో ప్రయోగం చేసి 2017లో ప్రచురించింది. మొత్తం 71 మంది. కొందరిని జరిగినది ఒకసారి గుర్తుచేసుకోమని, తర్వాత ఇరవై నిమిషాలపాటు టెట్రిస్ ఆడమన్నారు. మొదటి వారంలో వాళ్లను వెంటాడిన ప్రమాద దృశ్యాలు మిగతావారికంటే 62 శాతం తక్కువ. ఆకారాలను చూసి తిప్పి అమర్చే పనితో మనసులోని చూపు నిండిపోయి, భయంకర దృశ్యం గట్టిపడడానికి చోటు తగ్గుతుందని పరిశోధకుల వివరణ. జ్ఞాపకం కూడా చల్లారేలోగానే పట్టాలన్నమాట.

దీన్ని వైద్యానికి బదులుగా తీసుకోకూడదు. మితిమీరిన ఆటవ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చిన మాటా మరవకూడదు. ఈ మేలు ఆట అనే పేరులో లేదు, దాని తయారీలో ఉంది. కంటికీ చేతికీ ఒకే పని, పట్టగలిగినంత బరువు, వెంటనే తెలిసే ఫలితం. ఇవి కుదిరిన ఆట మనసును అరగదీయదు, పదును పెడుతుంది.

కుర్రాడికి లంబా వచ్చింది. నాలుగు వరుసలు ఒక్కసారిగా మాయమయ్యాయి. కుంపటి దగ్గర లక్క మెత్తబడింది. ఫోన్ జేబులో పెట్టి, తర్వాతి రాయిని వేలి కొసన పట్టుకుని తిప్పాడు.