మౌనానికి కొలమానం: గజాలీ ‘నాలుక ఆపదలు’ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఇస్లాం నైతిక వాఙ్మయంలో వాక్సంయమానికి విశిష్టస్థానం ఉంది. దేవుణ్ణి, అంతిమదినాన్ని విశ్వసించేవారు మేలైన మాటే పలకాలని, లేకుంటే మౌనం వహించాలని బోధించే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ కనిపిస్తుంది. ఇందులో మేలైన మాటది మొదటి స్థానం; మౌనానిది రెండో స్థానం. 9వ శతాబ్దికి చెందిన ఇబ్న్ అబీ అల్-దున్యా మౌనంపైనా, నాలుక మర్యాదలపైనా ప్రత్యేక గ్రంథమే కూర్చాడు. ఈ సంప్రదాయాన్ని క్రమబద్ధమైన విశ్లేషణగా మలచినవారిలో అబూ హామిద్ అల్-గజాలీ (1058–1111) ముఖ్యుడు. అతని ‘ఇహ్యా ఉలూమ్ అల్-దీన్’లోని 40 భాగాల్లో 24వది నాలుక ఆపదలను వివరిస్తుంది. అందులో 20 ఆపదలు పేర్కొన్నాడు. పైకి ఇది మౌనోపదేశంగా తోస్తుంది. నిజానికి గజాలీ కొలిచింది మాటల సంఖ్యను కాదు, మాట చేసే హానిని. ఆ కొలమానం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ సడలుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూగబోయిన అధ్యాపకుడు

గజాలీ 1091లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్యపదవి చేపట్టాడు. 1095లో తీవ్రమైన అంతర్మథనానికి లోనయ్యాడు. తన బోధన వెనుక దైవప్రీతి కంటే కీర్తికాంక్షే బలంగా ఉందని గ్రహించానని ‘అల్-మున్ఖిజ్ మిన్ అల్-దలాల్’లో చెప్పుకున్నాడు. ఆ స్థితిలో నాలుక బిగుసుకుపోయి, పాఠం చెప్పబోతే మాట పెగలలేదు. ఆ ఏడాదే పదవిని విడిచి బాగ్దాద్ వదిలాడు. ‘ఇహ్యా’ ఆ తరువాతి రచన. కాబట్టి నాలుక ఆపదలను లెక్కించినవాడు మాటకు దూరంగా బతికిన విరాగి కాడు. మాటే వృత్తిగా బతికి, దాని లోపలి రోగాన్ని ఎరిగినవాడు.

3. హానిని తూచే పద్ధతి

గజాలీ మాటను నాలుగు రకాలుగా విభజించాడు: కేవలం హాని చేసేది, కేవలం మేలు చేసేది, రెండూ కలిసినది, ఏదీ లేనిది. వీటిలో మేలు చేసే రకమొక్కటే మిగులుతుందని, అందులోనూ ప్రమాదం పొంచి ఉంటుందని అంటాడు. నిరపాయంగా కనిపించే మాటకు అతడిచ్చిన ఉదాహరణ సూక్ష్మమైనది. ఒకరిని ఉపవాసం ఉన్నావా అని అడిగామనుకుందాం. అవునంటే ఆ వ్యక్తి తన భక్తిని ప్రదర్శించుకున్నట్టవుతుంది, కాదంటే అబద్ధమాడినట్టు కావచ్చు, బదులివ్వకపోతే అడిగినవారిని అవమానించినట్టవుతుంది, తప్పించుకోవాలంటే శ్రమపడాలి. అడిగినవారి కుతూహలానికి ఎదుటివారు మూల్యం చెల్లిస్తారు. ఇక్కడ మౌనం ఆత్మనిగ్రహమే కాదు, ఇతరుల అంతరంగ గోప్యతకు ఇచ్చే గౌరవం కూడా.

వివాదాన్ని నాలుగో ఆపదగా చేర్చడం పండితలోకానికి సూటిగా తగులుతుంది. ఎదుటివారి పదంలోనో, భావంలోనో, ఉద్దేశంలోనో లోపం పట్టాలనే ఆరాటానికి మూలం ఆధిక్య ప్రదర్శనమని గజాలీ నిదానం. అయితే వాదాన్ని అతడు పూర్తిగా నిషేధించలేదు. సత్యాన్వేషి పోయిన వస్తువును వెదికేవాడి వంటివాడు కావాలని, అది ఎవరిచేతికి దొరికినా సంతోషించాలని ‘ఇహ్యా’ మొదటి భాగంలో సూచించాడు.

4. బాధితుల మాట

పరనిందను (గీబత్) ఖుర్ఆన్ (49:12) చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది. పరోక్షంలో ఉన్నవారు మృతునిలాగే తమ తరఫున బదులు చెప్పుకోలేరు. పోలికలోని బలం అదే. ఇంత కఠినమైన నిషేధానికి కూడా గజాలీ ఆరు మినహాయింపులు ఇచ్చాడు. అన్యాయానికి గురైనవారు న్యాయాధికారికి ఫిర్యాదు చేయడం, చెడును మాన్పడానికి సహాయం కోరడం, ధర్మసమ్మతి అడగడం, ఇతరులను హాని నుంచి హెచ్చరించడం వాటిలోనివి. చెడును బహిరంగంగా పలకడం దేవునికి అప్రియమంటూనే అన్యాయానికి గురైనవారిని మినహాయించిన ఖుర్ఆన్ వాక్యం (4:148) ఇందుకు అనుగుణంగానే ఉంది. కనుక వాక్సంయమం పేరుతో బాధితుల నోరు మూయించడానికి ఈ ప్రకరణంలో ఆధారం దొరకదు. నిందకుడి మౌనమూ బాధితుడి మౌనమూ ఒకటి కావు.

5. కొలమానం సడలిన చోటు

20వ ఆపద దగ్గర ఈ పద్ధతి మారుతుంది. దైవగుణాల గురించి సామాన్యులు ప్రశ్నించడాన్ని గజాలీ ఆపదగా లెక్కించి, దాన్ని పశువులను సాకేవారు రాజరహస్యాలను అడగడంతో పోల్చాడు. అంతవరకు మాట ఫలితాన్ని తూచిన త్రాసు ఇక్కడ మాట్లాడేవారి అంతస్తును తూచింది. అర్థంకాని సూక్ష్మచర్చ విశ్వాసాన్ని చెదరగొడుతుందన్న ఆందోళన అతనిది. ఆ మేరకు ఇదీ హానివిచారమే. కానీ పరనింద విషయంలో సందర్భాన్నిబట్టి మినహాయింపులిచ్చిన గజాలీ, జిజ్ఞాసతో అడిగే సామాన్యుడికి అటువంటి వెసులుబాటు ఇవ్వలేదు. అతని చివరి రచనల్లో ఒకటైన ‘ఇల్జామ్ అల్-అవామ్’ పేరుకు అర్థమే సామాన్యులకు కళ్ళెం వేయడం. తన నాలుకకు తాను వేసుకున్న కళ్ళెం నిగ్రహం. మరొకరి నాలుకకు వేసినది అధికారం.

6. ముగింపు

గజాలీ ప్రకరణంలో మౌనం స్వతహాగా పుణ్యం కాదు. పలకబోయే మాట ఎవరికి మేలు, ఎవరికి కీడు అనే విచక్షణ ఫలితంగానే దానికి విలువ కలుగుతుంది. ఉపవాసం గురించిన ప్రశ్న మొదలుకొని బాధితుల ఫిర్యాదు వరకు ఈ సూత్రం నిలకడగా పనిచేసింది. 20వ ఆపదలో అది సడలిందని గుర్తించడానికి కూడా గజాలీ ఇచ్చిన త్రాసే అక్కరకు వస్తుంది. ఇస్లాం వాక్సంయమ చింతనను అధ్యయనం చేసేవారు ఎంత మౌనం అని కాక, ఎవరి మౌనం, ఎవరికోసం అని అడగవలసి ఉంటుంది.