ఆటలోని అంటువ్యాధి

అమెరికాలోని వాల్వ్ సంస్థ 2008 నవంబరులో విడుదల చేసిన ‘లెఫ్ట్ 4 డెడ్’ జోంబీ వీడియో ఆటలలో మిక్కిలి పేరొందినది. వింత వ్యాధి సోకి ఉన్మత్తులైన జనసమూహముల నడుమనుండి నలుగురు మనుష్యులు తుపాకులతో పోరాడుచు బయటపడుటయే ఇందలి కథ. ఉత్తర అమెరికాలో దీనిని 17 ఏండ్లు నిండినవారికే తగినదిగా వర్గీకరించిరి; కావున ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు ఆడదగినది కాదు. అయినను దీని నిర్మాణములోని విజ్ఞానమును, కథలోని లోపమును తెలిసికొనుట వారికిని ఉపయోగకరమే.

శత్రువులు ఎప్పుడు, ఎందరు రావలెనో ఈ ఆటలో ముందుగా నిర్ణయింపబడి యుండదు. ‘డైరెక్టర్’ అను ప్రోగ్రాము ఒక్కొక్క ఆటగాని ఉద్రేకమును ఒక సంఖ్యగా అంచనా వేయును. దెబ్బ తగిలినను, శత్రువు సమీపమున కూలినను సంఖ్య పెరుగును. పోరు లేనప్పుడు క్రమముగా తగ్గును. గరిష్ఠమును చేరిన పిమ్మట 3 నుండి 5 సెకన్లు పోరు సాగనిచ్చి, అటుపై శత్రువుల రాకను తగ్గించి, 30 నుండి 45 సెకన్ల విరామము నిచ్చును. ఈ విధానమును నిర్మాతలలో ఒకరైన మైకేల్ బూత్ 2009లో వివరించెను. విద్యుత్ ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్ వేడినిబట్టి విద్యుత్తును ఆపుటయు, మరల పంపుటయు ఇట్టిదే. అయితే థర్మోస్టాట్ వేడినే గ్రహించును. డైరెక్టర్ భయమును గ్రహింపజాలదు. అది లెక్కించునది సంఘటనలను మాత్రమే. ఒకే విధమైన దెబ్బలు తిన్నచో వణకువానికిని, నవ్వువానికిని ఒకే సంఖ్య వచ్చును.

వ్యాధి విషయమున ఈపాటి శ్రద్ధయు కానరాదు. ఆ నలుగురు తాము జబ్బుపడక రోగమును మోయువారని 2010లో వెలువడిన ‘ది శాక్రిఫైస్’ అను బొమ్మల కథ చెప్పినది. టైఫాయిడ్ వంటి వ్యాధులలో అట్టి వాహకులు నిజముగా గలరు. కాని ఆటగాడు తనవలన ఇతరులకు రోగము సోకునేమో యని ఆలోచింపవలసిన ఘట్టము ఆటలో లేదు. ప్రమాదము ఎల్లప్పుడును ఎదుటివానియందే యుండును. దానికి మందు తుపాకి.

సోకుడు ఉన్మాదమనగానే జ్ఞప్తికి వచ్చునది రేబిస్. అందు కాటునకును రోగలక్షణములకును నడుమ సాధారణముగా 2, 3 నెలల వ్యవధి యుండును. 1885లో పాశ్చర్ కుక్క కరచిన బాలునకు టీకా వేయుటకు ఈ వ్యవధియే అవకాశమిచ్చినది. లక్షణములు కనబడిన పిదప బ్రదుకుట మిక్కిలి అరుదు. ముందుగా గాయమును సబ్బుతో, పారెడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే టీకా వేయించినచో ప్రాణము నిలుచును. ఆటలో ఎదురగు శత్రువులందరును అప్పటికే ఉన్మత్తులు. వ్యవధి లేదు గనుక వైద్యమునకు చోటు లేదు.

కుక్క కరచిన సంగతి ఇంటిలో చెప్పుటకు భయపడు బాలుడు తెలిసికొనవలసినది ఈ వ్యవధిని గురించియే. ఉపాధ్యాయులు నల్లబల్లపై రెండు కాలరేఖలను గీయవచ్చును: ఒకటి డైరెక్టర్ నడుపు పోరు, విరామములది; రెండవది కాటునుండి రోగలక్షణములవరకు గల దినములది. మొదటిదానియందు ఆట నిపుణమైనది. రెండవది ఆటలో లేనే లేదు.